ఇప్పచెట్ల పార్కులో యాకూబ్ సాబ్

ఏన్కూరులో బస్సు ఆగినప్పుడు ఒకామె పెద్ద గోనెసంచితో ఎక్కింది. "జర కాళ్లు తియ్ సారూ" అంటూ సంచిని నా సీటు కిందికి తోసి, అంచున సర్దుకుని కూర్చుంది. బస్సు కదిలి ఎండ లోపలికి పడ్డాక ఆ సంచిలోంచి వాసన రావడం మొదలైంది. పాత బెల్లం కుండ మూత తీసినట్టు ఉండే వాసన, దాని వెనక కొంచెం పులుపు. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూసి ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అది సగం ఎండిన ఇప్పపువ్వు. నేను నా పక్క కిటికీ అద్దం వేశాను, వాసన బయటికి పోకుండా.

అప్పుడు నేను కొత్తగూడెంలో యాకూబ్ సాబ్ ఇంటినుంచి వస్తున్నాను. ఆయన పోయిన నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు పిలిస్తే వెళ్లాను. ఆయన గురించి అక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అందరం అన్నం తిని, టోపీలు సర్దుకున్నట్టు మాటలు సర్దుకుని లేచాం. ఆయన మీద నాలుగు మాటలు రాయాలని నాకు అనిపించింది బస్సులో, ఆ సంచి పక్కన. ఆయన్ని చూడనివాళ్లకు ఆయన్ని చెప్పడం కష్టం. పెద్ద పనులు చేసిన మనిషి కాదు. ఒక చిన్న పార్కు కట్టించారు, ఏటా కొన్నాళ్లు దాన్ని మూయించారు. చెప్పుకోవడానికి ఇంతే.

ఎనభైల మొదట్లో దమ్మపేట దాటి అడవి మొదలయ్యేచోట ఉన్న అటవీశాఖ రేంజి ఆఫీసులో నాకు గుమస్తా ఉద్యోగం వచ్చింది. మా తాతల కాలంలో కృష్ణా వైపునుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకున్న కుటుంబం మాది. అడవి పక్కనే పుట్టినా అడవి మాకు తెలియదు. తప్పిపోయిన దూడను వెతకడానికి పోయే చోటు, వంటచెరకు బండి వచ్చే దిక్కు, అంతవరకే. యాకూబ్ సాబ్ అక్కడ రేంజరు. ఖమ్మం ఖిల్లా పక్క గల్లీల్లో పెరిగిన మనిషి. పొట్టిగా ఉండేవారు. ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న కత్తెర ఉండేది. దేనికో ఎవరికీ తెలియదు. భార్యా ఇద్దరు ఆడపిల్లలూ కొత్తగూడెంలో ఉండేవారు. ఆమెకు ఉబ్బసం. దవాఖానా దగ్గరలో ఉండాలని అక్కడే ఉంచారు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి వచ్చేవారు. కొత్తగూడేనికి బదిలీ కావాలని ఏళ్లుగా అడుగుతున్నారని నేను చేరిన వారంలోనే తెలిసింది. మా ఆఫీసులో అందరికీ తెలిసిన ఒకే ఒక రహస్యం అది.

నేను చేరిన మొదటి రోజుల్లోనే మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకుని రమ్మన్నారు. ఆఫీసు వెనక దారి పట్టుకుని వాగు దాకా నడిపించారు. అన్నం తిన్నాక ఒక రాయి చూపించి, "గీడ కూసో. ఊకెనే కూసో" అన్నారు. తాను కొంత దూరంలో చెట్టుకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. నాకు ఏం చేయాలో తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. ఆఫీసులో కాగితాలు ఎదురుచూస్తున్నాయన్న భయం ఒకటి. చాలాసేపటికి ఆయన లేచి అడిగారు.

"ఏం జూసినవ్ సత్యం?"

"ఏం లేదు సార్."

"మంచిగ జూసినవ్. రేపు మళ్ల కూసో."

నాతో వెటకారమాడుతున్నారనుకున్నాను. కానీ మర్నాడూ తీసుకెళ్లారు. ఆ తర్వాత అది అలవాటయింది. వాన లేని రోజు ఆఫీసులో అన్నం తినడం ఆయన దృష్టిలో జబ్బు చేసినవాడి లక్షణం. కొన్నాళ్లకు ఆ రాయి మీద కూర్చుంటే నాకు చిన్నచిన్నవి కనపడటం మొదలయ్యాయి. నీళ్లు తాగడానికి వచ్చే పిట్ట ముందు ఒకే కొమ్మ మీద వాలి అటూ ఇటూ చూసుకుంటుందని, తేనెటీగలు తడి ఇసుక మీదే వాలతాయని. వీటితో నాకేం ఒరిగిందంటే చెప్పలేను. కానీ అంతకుముందు నేను ఏ చోటినీ ఆ చోటు కోసమే అని చూడలేదు. పని ఉంటే వెళ్లడం, పని కాగానే రావడం. మా ఇంట్లో అందరమూ అంతే.

ఒక ఎండాకాలం చివర పైనుంచి ఆజ్ఞ వచ్చింది. అడవి అంచున జనం సేద తీరడానికి, పిల్లలు ఆడుకోవడానికి ఒక పార్కు తయారుచేయాలని. భద్రాచలం పోయే యాత్రికులు ఆగుతారు, సత్తుపల్లి వైపు రైతు కుటుంబాలు వనభోజనాలకు వస్తాయి, మంచి పేరొస్తుంది అని పెద్దాఫీసరు మా సాబ్‌ను పిలిచి చెప్పారట. ఈ పని బాగా చేస్తే కొత్తగూడెం సంగతి చూస్తానని కూడా అన్నారట. సాబ్ ఆ మాట నాకు నవ్వుతూ చెప్పారు గానీ, ఆ సాయంత్రం ఆయన నడకలో తొందర కనపడింది.

చోటు కోసం వాగు వెంట తిరిగాం. ఒక మలుపు దగ్గర పెద్ద పెద్ద ఇప్పచెట్లు గుంపుగా ఉన్నాయి. వాటి కింద నేల చూసి ఇద్దరం ఆగిపోయాం. చుట్టూ అంతా తుప్పలు, ఎండుటాకులు. ఆ చెట్ల కింద మాత్రం పుల్ల కూడా లేదు. ఇంటి ముందు వాకిలిలా ఉంది.

"ఎవరో ఊడ్చినట్టుంది సార్" అన్నాను.

"అల్లా ఊడ్చిండు, మన పార్కు కోసం" అన్నారు సాబ్. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ చోటే ఖాయం చేశాం. అక్కడ మేము కూర్చోలేదు. ఆ ఒక్కచోటే కూర్చోలేదు.

వానలు తగ్గాక పని మొదలైంది. నాకు బొమ్మలు, అక్షరాలు వేయడం కొంచెం వచ్చు కాబట్టి పార్కు నక్షా నా చేతే గీయించారు. చెట్లకు పేర్ల పలకలు నేనే రాశాను. ఇప్పచెట్ల కింద సిమెంటు బల్లలు పోశారు. మధ్యలో ఇనుప స్తంభాలకు ఉయ్యాలలు, జారుడుబల్ల, పడితే దెబ్బ తగలకుండా వాటి కింద వాగు ఇసుక. చుట్టూ ముళ్లకంచె, రోడ్డు వైపు గేటు. వాచరు రాములుకు గేటు తాళం ఇచ్చారు. ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకున్న రోజునుంచి రాములు నడక మారిపోయింది. ఉయ్యాల గొలుసులు బిగించిన రోజు సాబ్ టోపీ తీసి నా చేతికిచ్చి తానే ఎక్కి కూర్చున్నారు. "రేంజరు ఊగితే తెగకపోతే పిల్లగాండ్లకు తెగది" అన్నారు. రాములు వెనకనుంచి ఊపాడు. ఖాకీ బట్టల్లో మనిషి కాళ్లు ముందుకు చాపి ఊగుతుంటే నేనూ రాములూ నవ్వు ఆపుకోలేకపోయాం. "నవ్వుడు బంద్ చెయ్యిన్రి, సర్కారీ పని నడుస్తుంది" అని పైనుంచే అరిచారు. దిగాక, "ఇగ నీ వంతు సత్యం. ఉయ్యాల దగ్గర సీనియారిటీ లేదు, వంతే" అని నన్నూ ఎక్కించారు.

పెద్దాఫీసరు చేతుల మీదుగా ప్రారంభం మార్చి నెలలో పెట్టుకున్నారు. ఆ వారం మొదట్లో ఒక ఉదయం రాములు ఆఫీసుకు పరుగెత్తుకొచ్చాడు.

"సార్, పార్కు తగలబెట్టిన్రు! గూడెమోళ్లు కంచె కింద దూరిన్రు. కేసు రాయాలె సార్, జల్దీ!"

వెళ్లి చూశాం. పార్కు తగలబడలేదు. ఇప్పచెట్ల కింద ఆకులు మాత్రం కాల్చారు, ఎంత మేర కొమ్మలున్నాయో సరిగ్గా అంత మేర. మంట ఎక్కడా దాటలేదు. సిమెంటు బల్లల కాళ్లు మాత్రం నల్లబడ్డాయి. నేను పసుపురంగు వేసిన ఒక పలక మాడిపోయింది. సాబ్ ఆ నల్లటి నేలను చాలాసేపు చూశారు. రాములు కేసు అంటూనే ఉన్నాడు. "కేసు ఏడికి పోదు, ఆగు. రేపు పొద్దుగాల వచ్చి కూసుందం" అన్నారు సాబ్.

మర్నాడు వెలుగు రాకముందే ఇద్దరం వెళ్లి వాగు పక్క మద్దిచెట్టు కింద కూర్చున్నాం. కాసేపటికి చెట్లమీదినుంచి టప్ టప్‌మని పువ్వు రాలడం వినిపించింది. తెల్లారేసరికి నేలంతా లేత పసుపు ముత్యాలు పోసినట్టు ఉంది. బల్లల మీదా పడింది, జారుడుబల్ల మీదా పడింది. కంచె కిందనుంచి పక్క కోయగూడెం ఆడవాళ్లు బుట్టలతో ఒక్కొక్కరే వచ్చారు. ఒక్కొక్కరూ ఒక్కో చెట్టు కిందికి వెళ్లారు. ఒకరి చెట్టు కింద మరొకరు ఏరలేదు. మధ్య చెట్టు కింద ఏరుతున్న ఆమె పేరు కన్నమ్మ. నడివయసు మనిషి. సాబ్ లేచి వెళ్లేసరికి మిగతావాళ్లు పక్కకు తప్పుకున్నారు గానీ ఆమె కదల్లేదు.

"ఏంది కన్నమ్మా, పార్కుల నిప్పు పెట్టినవట?"

"పార్కు ఏందో నాకెరిక లేదు దొరా. ఏటా పువ్వు ముంగట ఆకు కాలుస్తం. లేకుంటే పువ్వు ఆకుల్ల పోతది. ఈ చెట్టు మా అత్తది. అది మా చిన్నమామోళ్లది. మీరు మా చెట్టు కింద కుర్చీ ఏసిన్రు."

"దొర గిర అనకు. మీవోళ్లనే కోయదొరలంటరు, నన్నెందుకంటవ్?"

ఆమె నవ్వలేదు. ఉయ్యాల కిందికి నడిచి ఇసుకలోంచి గుప్పెడు పువ్వు తీసి ఆయన చేతిలో పోసింది. పువ్వు తేనెలా బంక. ఇసుక దానికి అంటుకుపోయి ఉంది.

"తిను" అంది.

సాబ్ ఒకటి నోట్లో వేసుకున్నారు. పళ్ల కింద ఇసుక కరకరలాడటం నాకు వినిపించింది. ఆయన ఉమ్మలేదు.

"ఇసుకల పడ్డ పువ్వు ఎట్ల తింటం? వానలల్ల గింజ అయిపోతే ఇదే ఉడకబెట్టుకుంటం. ఉప్పు కావాలన్నా, పిల్లలకు చొక్కా కావాలన్నా ఇదే. మీ పిల్లలు ఊగనీ, నాకేమి? ఈడనే ఊగాలెనా?"

సాబ్ తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఒక్క మాట అన్నారు. "నువ్వన్నవ్ సత్యం, ఎవరో ఊడ్చినట్టుందని. నేను అల్లా మీదికి తోసిన. గా నేల ఊడ్చినోళ్లు గామె, గామె అత్త. పద పోదం, మస్తు పనుంది."

పనేమిటో నాకు అర్థమైంది. భయం కూడా వేసింది. ప్రారంభం ఆగితే ఆయనకు కొత్తగూడెం బదిలీ పోతుంది. ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. ఆ రోజే ఆయన పెద్దాఫీసరుకు కబురు పంపారు. కబురందగానే పెద్దాఫీసరు జీపులో దిగారు, కోపంగానే. నేను నక్షా పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"పార్కు జనం కోసం కదయ్యా యాకూబ్" అన్నారు పెద్దాఫీసరు.

"వీళ్లు జనమే కద సార్."

"కంచె తీసేస్తే అది పార్కు ఎట్లా అవుతుంది?"

"అడివికి కంచె లేదు సార్. అది అడివి కాకుండ పోయిందా?"

"నీకు మాటలెక్కువ. నీ అప్లికేషన్ నా టేబుల్ మీదే ఉంది, గుర్తుందా?"

"ఉంది సార్. రోజూ గుర్తుంటది" అన్నారు సాబ్. గొంతు తగ్గింది గానీ మాట మారలేదు. "నెలన్నర ఆగుదం సార్. పువ్వు అయిపోంగనే మీరే వచ్చి తెరవాలె. బల్లలు, ఉయ్యాలలు వాగు దిక్కు మద్దిచెట్ల కిందికి జరుపుతం. నీడ గాడనే ఎక్కువ."

పెద్దాఫీసరు జీపెక్కి వెళ్లిపోయారు.  సాబ్ జేబులోంచి ఆ చిన్న కత్తెర తీసి కంచెకు కట్టిన రంగుకాగితాల తోరణాన్ని కత్తిరించి చుట్టగా చుట్టి నాకిచ్చారు. "దాచిపెట్టు. మేలో కట్టాలె" అన్నారు.

ఇప్పచెట్ల వైపు కంచె పీకించారు. బల్లలు పగలగొట్టి తీసి, మద్దిచెట్ల కింద కొత్తవి పోయాల్సి వచ్చింది, ఉయ్యాలలూ అటే జరిపారు. ఇసుకంతా గంపలతో ఎత్తించి వాగు ఒడ్డున పోశారు. ఆ పనికి గూడెం మగవాళ్లు కూలికి వచ్చారు. కన్నమ్మ రోజూ ఒకసారి వచ్చి చూసి పోయేది. చివరి రోజున మాత్రం, "పువ్వు అయినాంక కాయ వస్తది. నూనె కాయ" అంది.

సాబ్ నెత్తి పట్టుకున్నారు. "అంటే మళ్ల మూసుడేనా తల్లీ?"

"వద్దులే. కాయ తొక్కితే పగలదు. పిల్లలను ఊగనీ" అంది. అప్పుడు మొదటిసారి ఆమె నవ్వడం చూశాను.

గేటు దగ్గర ఒక బోర్డు కావాలన్నారు. నేను 'ఇప్పపువ్వు కాలంలో పార్కు మూసివేయబడును' అని రాసి చూపించాను. సాబ్ చదివి తల అడ్డంగా ఊపారు.

"మూత అంటే కొట్టు మూసినట్టుంటది. లోపల మనుషులు పని చేస్తున్నరు, మూత ఏంది? ఉయ్యాల దగ్గర పిల్లలకేం చెప్తవ్?"

"వంతు ప్రకారం ఊగమంటాం సార్."

"గదే రాయి."

అలా రాసిన మాటలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. 'ఇప్పపువ్వు రాలుతోంది. చెట్ల కింద ఇప్పుడు గూడెం వారి వంతు. తరువాత మీ వంతు.' ఆఫీసు బోర్డుల మీద అలాంటి భాష ఉండదు. పైవాళ్లు చూస్తే ఏమంటారో అని రెండు రోజులు బోర్డును ఆఫీసులో వెనక్కి తిప్పి ఉంచాను. సాబ్ తానే మోసుకెళ్లి పాతించారు.

ఆ మేలో రంగుకాగితాలు కట్టి పార్కు తెరిచాం. పెద్దాఫీసరు రాలేదు. మరుసటి ఏడు పువ్వు కాలంలో దమ్మపేట వైపునుంచి ఒక రైతు కుటుంబం ట్రాక్టరు నిండా దిగింది. బిందెలు, గిన్నెలు, పిల్లలు. మా దూరపు చుట్టాలే. పెద్దాయన బోర్డు చదివి నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏరా సత్యం, ప్రభుత్వం పార్కు కట్టింది వాళ్లు పువ్వులేరుకోడానికా, మేం కూర్చోడానికా?"

వెనకనుంచి సాబ్, "అవ్, రెండిటికీ" అన్నారు. "పెద్దయ్యా, మీ మిరప కళ్లంల మా పిల్లలు వచ్చి గోలీలాడితే ఊకుంటరా?"

పెద్దాయన నోరు తెరిచి, మూసి, ట్రాక్టరును వాగు వైపు తిప్పమన్నాడు. సాయంత్రం వాళ్లు వెళ్లేముందు ఆయన మనవరాలు కన్నమ్మ బుట్ట పక్కన కూర్చుని పువ్వు ఏరుతూ కనపడింది. ఎంత పిలిచినా లేవలేదు.

ఆ ఎండాకాలమే సాబ్‌కు బదిలీ వచ్చింది. కొత్తగూడేనికి కాదు, ఆదిలాబాద్ వైపు, ఇంటికి మరింత దూరం. ఎందుకని ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు. నేను ఆయన ముందు ఏడ్చేశాను. ఆయన మందలించారు. "గాడ గూడ ఇప్పచెట్లుంటయ్ లే" అన్నారు. తర్వాత, "మా ఇంటామెకే ఎట్ల చెప్పాలెనో సమజైతలేదు" అన్నారు. ఆయన నోట కష్టం గురించి నేను విన్నది ఆ ఒక్కసారే. బస్సు దగ్గరికి కన్నమ్మ వచ్చింది. మోదుగాకులో కట్టిన ఎండు పువ్వు ఇచ్చింది. "మేం సారా తాగం గద కన్నమ్మా" అని ఆయన అంటే, "తాగేదెవడు? ఉడకబెట్టుకుని తిను. దీంట్ల ఇసుక లేదు" అంది. ఆయన పెద్దగా నవ్వారు. బస్సు కదిలాక కూడా ఆ నవ్వు కిటికీలోంచి కనపడింది.

కొత్తగూడెం ఆయనకు చివరికి దొరికింది, ఉద్యోగం ఇక కొద్దిగానే మిగిలినప్పుడు. నేను అప్పుడప్పుడు వెళ్లి చూసేవాణ్ణి. పార్కు సంగతి అడిగేవారు కాదు. మొన్న ఫాతిహా అయ్యాక ఆయన భార్య నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టారు. ఆ బదిలీ ఏళ్లు ఆమె ఎలా గడిపారో నేను అడగలేదు, ఆమే ఇది చెప్పారు.

"మీ పార్కుకు నన్ను ఒక్కసారి తోలుకపోయిండు బేటా. రిటైరైనాంక. నాకు దమ్ము జబ్బు, అంత దూరం బస్సుల పోయినం. పోతే పువ్వుల కాలం. లోపలికి పోనియ్యలే. ఆయన కట్టిన పార్కు, ఆయనే పోనియ్యలే! 'మన వంతు కాదు' అన్నడు. వాగు ఒడ్డున కూసోబెట్టి, దూరంనుంచి చూడమన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది."

"తర్వాత?"

"తర్వాత ఏముంది. కూసున్న. పువ్వు పడుడు వినొచ్చింది. అయినా అనిపించింది, దీని కోసమా గింత దూరమైండు అని." ఆమె కొంగు సర్దుకుని, "దీని కోసమే అయితే పోనీ అనిపించింది" అన్నారు.

బస్సులో ఇప్పపువ్వు సంచి తెచ్చిన ఆమె తల్లాడలో దిగింది. నేను ఖమ్మంలో దిగాను గానీ ఆ రాత్రి ఇంట్లో నిలవలేకపోయాను. తొలి బస్సుకే సత్తుపల్లి మీదుగా వెళ్లాను. చేరేసరికి పొద్దు పొడిచింది గానీ ఎండ ఇంకా ఎక్కలేదు. గేటు లేదు. ఉయ్యాల స్తంభాలు మాత్రం ఉన్నాయి, గొలుసులు లేవు. బోర్డు ఎప్పుడో పోయి ఉంటుంది. పాతిన గుంత కూడా పూడిపోయింది. ఇప్పచెట్ల కింద నేల నల్లగా, శుభ్రంగా ఉంది. పువ్వు ఇంకా రాలుతోంది. మధ్య చెట్టు కింద ఒక యువతి బుట్టలోకి ఏరుతోంది. నేను ఆ నీడలోకి అడుగు పెట్టబోతుంటే ఆమె తలెత్తకుండానే అంది.

"ఇప్పుడు మా వంతు సారూ. ఎండెక్కినాంక రా."

ఆ మాట ఎవరు నేర్పారని నేను అడగలేదు. వెనక్కి తిరిగి వాగు ఒడ్డుకు వెళ్లి, మద్దిచెట్టు కింద మిగిలిన బల్ల మీద కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఊరికే.